ఏప్రిల్‌లో మట్టి, మేలో మన్యం, మృగశిరలో మొక్క

వేసవి సెలవులు దగ్గర పడుతుంటే మన గోదావరి ఇళ్లలో రెండు కోరికలు ఒక్కసారే లేస్తాయి. పిల్లల్ని తీసుకుని రెండు మూడు రోజులు కొండల్లో తిరిగి రావాలని ఒకటి. గడ్డి మొలిచి, పాత కుండీలు పోగుపడిన పెరడుని ఈ ఏడైనా ఒక తీరుకి తేవాలని ఇంకొకటి. పెద్ద ఖర్చు లేకుండానే రెండూ చేయొచ్చు. వరస మాత్రం తప్పకూడదు. మే నెలలో మొక్కలు తెచ్చి నాటేసి, ఇంటికి తాళం వేసి ఊరెళ్తే వచ్చేసరికి అవి మాడిపోయి ఉంటాయి. డెల్టాలో ఎండాకాలం మట్టి పనికి అనువు. మొక్కకు జూన్‌లో మృగశిర కార్తె రావాలి. ఆ రెండింటి మధ్య దొరికే తీరికలో కొండ ప్రయాణం పెట్టుకోండి.

కాలువలు కట్టేశాక పెరట్లో దిగండి

దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలకు నీళ్లు ఆపేస్తారు. మళ్లీ జూన్‌లో వదిలేదాకా మరమ్మతులు, పూడికతీతలు జరుగుతుంటాయి. కాలువ పారుతున్నన్నాళ్లూ మన నేల లోపల తడిగానే ఉండి, గునపం వేస్తే ముద్దలుగా లేస్తుంది. నీళ్లు ఆగిన కొద్ది రోజులకు పదునుకొస్తుంది. మరీ ఆలస్యం చేస్తే నల్లమట్టి బీటలు తీసి గట్టిపడిపోతుంది. ఆ మధ్య అదను పట్టుకోవాలి. అప్పటికే గట్టిపడి ఉంటే తవ్వబోయే చోట ముందురోజు సాయంత్రం బాగా తడిపి వదిలేయండి.

ఏ మొక్కలు కావాలో కాగితం మీద రాసుకునే ముందు నీరు ఎటు పోతుందో చూడండి. మన ఊళ్లలో ఇల్లు కట్టేటప్పుడు గ్రావెల్ తోలించి ఇంటి జాగా మెరక చేస్తారు, పెరడుని పల్లంగానే వదిలేస్తారు. కప్పు మీద పడ్డ వానంతా వచ్చి చేరేది అక్కడికే. నేను చూసినంతలో మన పెరళ్లలో మొక్కలు ఎండకు చచ్చేదానికన్నా, నీరు నిలిచి వేరు కుళ్లి చచ్చేదే ఎక్కువ. అందుకే ఈ పనికి ఎంత ఓపిక పెట్టినా దండగ కాదు.

మేస్త్రీలు వాడే సన్నటి లెవెల్ పైపు తెచ్చి, బుడగలు లేకుండా నీళ్లు నింపండి. ఒక కొస ఇంటి అరుగు దగ్గర, రెండో కొస పెరటి మూలల్లో పట్టుకుంటే ఏ మూల ఎంత పల్లమో తేలిపోతుంది. పిల్లలకు ఈ పని చాలా సరదా, ఒక కొస వాళ్ల చేతికివ్వండి. ఇంటి గోడ నుంచి బయటికి పదడుగులకు ఒక అంగుళం చొప్పున వాలు ఉండేలా నేల సరిచేయండి. ఆ నీరు వీధి మురుక్కాలువలోకో వెనక బోదె(చిన్న కాలువ)లోకో వెళ్లాలి గాని పక్కింటి స్థలంలోకి వెళ్లకూడదు. జులైలో ఇరుగుపొరుగు పేచీలు మొదలయ్యేది అక్కడే.

వాలు కుదిరాక ఒక బోదె, ఒక గట్టు. పెరటి అంచున రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు బోదె తీయండి. ఆ మట్టినే పక్కన పోస్తే మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు గట్టు వస్తుంది. మొక్కలన్నీ ఆ గట్టు మీదే. గుంత తవ్వి అందులో నాటమనే సలహా మెట్ట ప్రాంతానికి చక్కగా సరిపోతుంది. మన బరువు నేలలో మాత్రం ఆ గుంతలో వానాకాలమంతా నీరు నిలుస్తుంది. పనస, మామిడి లాంటివి పెట్టదలచినా మన దగ్గర గుంతకంటే దిబ్బ మేలు. అడుగున్నర ఎత్తు దిబ్బ కట్టి దాని మీద నాటండి.

గట్టు మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక, ఒకటి రెండుసార్లు నీళ్లతో కడిగిన కొబ్బరి పొట్టు కలిపితే గుల్లబారుతుంది. పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి కడగడం మానొద్దు. మట్టి చాలకపోతే చెరువు పూడిక ఆ రోజుల్లోనే దొరుకుతుంది, అనుమతి ఉన్న చోటి నుంచే తోలించుకోండి. కాలువ నిండా ఉండే గుర్రపుడెక్కను కూడా వాడుకోవచ్చు. పూతకు రాకముందే తీసి, కరకరలాడేలా ఎండబెట్టి గట్టు మీద పరిస్తే తడి ఆరకుండా కాపాడుతుంది. పచ్చిది తడి బోదెలో పడితే మళ్లీ బతికి కూర్చుంటుంది.

సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లకు ఇంకో మాట. అంతర్వేది, ఓడలరేవు వైపు ఎండాకాలం బోరు నీళ్లు ఉప్పెక్కుతాయి. ఆ నీళ్లే రోజూ పోస్తే ఆకు అంచులు మాడతాయి, నేల మీద తెల్లటి పొర తేలుతుంది. అక్కడ నిమ్మ మీద ఆశ పెట్టుకోకండి. కొబ్బరి, సపోటా, కాగితం పూలు తట్టుకుంటాయి. గన్నేరు కూడా తట్టుకుంటుంది గానీ అది విషపు మొక్క. పిల్లలూ పశువులూ తిరిగే చోట వద్దు, కంచె బయటి వైపు పెట్టండి.

గాలి రావాలి, పడమటెండ ఆగాలి

డెల్టా ఉక్కపోతలో సాయంత్రం దక్షిణం నుంచి వీచే పైరగాలిని మించిన హాయి లేదు. అందుకని దక్షిణం, ఆగ్నేయం వైపు గుబురు మొక్కలు పెట్టి దాన్ని అడ్డుకోకండి. నీడ కావలసింది పడమటి గోడకు. మూడు గంటల నుంచి పొద్దుగూకేదాకా కొట్టే ఎండే రాత్రి గదుల్లో సెగ పెడుతుంది. అటువైపు అరటి వరస వేసి, మధ్యమధ్య కరివేపాకు పెట్టండి. అరటి గాలికి పడినా గోడకు నష్టం లేదు, పక్కన పిలక లేస్తుంది. కొబ్బరిని ఇంటి కప్పు మీదికి వంగేంత దగ్గరగా నాటొద్దు. 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమలో కొబ్బరి తోటలు ఎలా నేలమట్టమయ్యాయో మన పెద్దల్ని అడిగితే చెప్తారు. పెద్ద చెట్లకు, గోడకు మధ్య ఇరవై అడుగుల ఎడం చూసుకోండి.

కూర్చోవడానికి నాలుగు కడప బండలు పరుచుకోవాలనుంటే నేరుగా నల్లమట్టి మీద వేయకండి. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, ఏడాది తిరిగేసరికి బండలు ఒకటి పైకి ఒకటి కిందకి లేస్తాయి. అరడుగు తవ్వి, ఆ మేరకు గ్రావెల్, పైన ఇసుక వేసి దిమ్మిస కొట్టాక పరచండి.

పచ్చిక గురించి చాలామంది అడుగుతారు. నా అభిప్రాయంలో కొబ్బరిచెట్లున్న పెరటికి పచ్చిక వద్దు. నీడలో పలచబడుతుంది, ఎండలో నీళ్లు అడుగుతుంది, వానాకాలంలో వారంవారం కోయమంటుంది. ఊడ్చి కళ్లాపి చల్లుకునే ఖాళీ నేల కొంత ఉంచుకుంటే పిల్లలు ఆడుకుంటారు, పండక్కి ముగ్గేసుకోవచ్చు, పాము వచ్చినా కంటికి కనబడుతుంది. మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. గుమ్మానికి ఆనుకుని గుబురు మొక్కలు, మట్టల పోగులు ఉండకుండా చూసుకోండి.

తాళం వేసే ముందు

ఆవకాయ జాడీలకెత్తాక, రోహిణి కార్తె రాకముందు ప్రయాణం పెట్టుకుంటే ఇంట్లో పనులకూ అడ్డు రాదు. రోహిణి మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయన్నారు, ఆ రోజుల్లో పెద్దవాళ్లతో పిల్లలతో రోడ్డెక్కడం కష్టం.

బయల్దేరడానికి వారం ముందే కొబ్బరిచెట్లకు దింపు చేయించి కాయలు, ఎండు మట్టలు దించేయండి. మీరు లేనప్పుడు ఎండు మట్ట కింది మొక్కల మీద పడితే లేపేవాళ్లుండరు. దింపులో వచ్చిన డొక్కలు (కాయల పీచు తొక్కలు), మట్టలు మొక్కల మొదళ్ల చుట్టూ పరిచేయండి. డొక్కలు పరిచేటప్పుడు వీపు పైకి ఉండాలి. గిన్నెలా వెల్లకిలా ఉంటే వాన చినుకులు నిలిచి డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. నీళ్ల డ్రమ్ములు, వాడని కుండీల పళ్లేలు కూడా బోర్లించి వెళ్లండి. పేడకుప్పను కొబ్బరిచెట్ల దగ్గర ఉంచకండి, కొమ్ము పురుగు పెరిగేది అందులోనే.

పోయినేడు నాటిన లేత మొక్కలుంటే వాటికి కుండ పద్ధతి మేలు. రంగు వేయని మట్టికుండను మొదలుకు అడుగు దూరంలో మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. మట్టి ఆరేకొద్దీ కుండ గోడల నుంచి తడి ఊరుతుంది. ఎన్నాళ్లు వస్తుందో వారం ముందే ఒకసారి నింపి చూసుకుంటే ధైర్యంగా ఉంటుంది. కుండీ మొక్కలన్నీ చెట్టు నీడకు చేర్చి దగ్గర దగ్గరగా పెట్టండి. ముందురోజు సాయంత్రం తీరిగ్గా, లోతుగా తడపండి. పక్కింటి వదినగారికో పిన్నిగారికో గేటు తాళం ఇచ్చి ఒక్కపూట చూడమంటే చాలు. తిరిగొచ్చేటప్పుడు ఆవిడకు కొండ తేనె ఒక సీసా తేవడం మర్చిపోకండి.

ఏ కొండకు, ఎలా

ముందు ఒక లెక్క తెలుసుకోండి. వెయ్యి మీటర్లు పైకెళ్తే సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. అరకు లోయ తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ పగలు కూడా తేడా తెలుస్తుంది. మారేడుమిల్లి అంత ఎత్తులో లేదు. అక్కడి చల్లదనం చెట్ల నీడది, వాగులది. మంచు, స్వెట్టర్లు ఊహించుకుని మేలో లంబసింగి వెళ్లేవాళ్లూ ఉన్నారు, అది చలికాలపు ముచ్చట. పిల్లలకు ఏమి చూపించబోతున్నారో ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఒక్క రాత్రి బసతో ముగించాలంటే మారేడుమిల్లే నయం. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. అమలాపురం, రాజోలు వైపు నుంచి వచ్చేవాళ్లు తెల్లవారుజామునే బయల్దేరితే ఎండెక్కకముందే మన్యంలో ఉంటారు. బస ముందే మాట్లాడుకోండి. వన సంరక్షణ సమితులు నడిపే విడుదులు ఉన్నాయి, సెలవుల్లో తొందరగా నిండిపోతాయి. రంపచోడవరం దాటకముందే బండిలో పెట్రోలు లేదా డీజిలు, చేతిలో నగదు సరిచూసుకోండి. పైన ఫోను సిగ్నలు అన్ని చోట్లా ఉండదు. చింతూరు వైపు ఘాట్ రోడ్డు ఎక్కదలిస్తే పగటిపూటే. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. కడుపు తిప్పేవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టి, దూరంగా రోడ్డు వైపు చూడమనండి. వాంతి మాత్ర అవసరమైతే డాక్టరును అడిగి ముందే వేయండి.

తినడానికి పులిహోర, చేగోడీలు, జంతికలు కట్టుకోండి. ఎండలో పెరుగన్నం మధ్యాహ్నానికే పులుస్తుంది. మంచినీళ్ల టిన్ను పెద్దదే పెట్టుకోండి, ఓఆర్‌ఎస్ పొట్లాలు కూడా. బొంగులో చికెన్ తినాలంటే వెదురు బొంగు నిప్పుల మీద కాలడానికి చాలాసేపు పడుతుంది. ముందు చెప్పి ఆ చుట్టుపక్కల తిరిగి రండి. మీరు సొంతంగా పొయ్యి పెట్టొద్దు. ఎండాకాలం అడవంతా రాలిన ఆకు, ఒక్క నిప్పురవ్వ చాలు. కోతులకు తిండి వేయొద్దు, బండి అద్దాలు దించి ఉంచొద్దు.

జలతరంగిణి, అమృతధార జలపాతాలు మేలో సన్నబడతాయి. అందుకే పిల్లలతో వెళ్లడానికి ఇది వీలైన కాలమని నేనంటాను. అయినా రాళ్లు పాచి పట్టి జారుతాయి, మడుగుల లోతు పైకి తెలియదు. మోకాలు దాటి దిగనివ్వకండి. ఈ రోజుల్లో సాయంత్రం పూట మబ్బు పట్టి ఎగువన కొండ మీద వాన కొడితే, మీరున్న చోట చినుకు పడకపోయినా వాగు ఒక్కసారిగా లేస్తుంది. నీళ్ల రంగు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే ఒడ్డెక్కేయండి. మన్యంలో మలేరియా ఉంది. చీకటి పడే ముందే పొడుగు చేతుల చొక్కాలు, దోమతెర. తిరిగొచ్చిన తర్వాత నెలలోపు చలిజ్వరం వస్తే ఎక్కడికెళ్లారో డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించండి.

మూడు రోజులు వీలైతే అరకు. రాజమండ్రి నుంచో సామర్లకోట నుంచో విశాఖ చేరి, అక్కడ రాత్రి పడుకుని, పొద్దున్నే కిరండూల్ రైలెక్కండి. సొరంగాలు దాటుకుంటూ శిమిలిగుడ మీదుగా అరకు చేరే ఆ దారే పిల్లలకు సగం యాత్ర. 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషను దగ్గర కిటికీలోంచి చూడమనండి. అద్దాల బోగీ కావాలంటే సీట్లు చాలా ముందుగా తీసుకోవాలి.

కొండలో చూడవలసింది

అనంతగిరి, అరకు కాఫీ తోటలో కాసేపు నిలబడండి. పైన సిల్వర్ ఓక్ చెట్టు, దాని మానును పట్టుకుని పాకిన మిరియపు తీగ, కింద నడుమెత్తు కాఫీ మొక్క, ఇంకా కింద రాలిన ఆకుల దుప్పటి. ఒక్క అడుగు నేలలో నాలుగు అంతస్తులు. ఎండ ఒక్కో అంతస్తులో కొంత ఆగి, నేలకు చేరేసరికి మెత్తబడుతుంది. ఆ ఆకుల కింద వేలు పెట్టి చూడమనండి పిల్లల్ని, మే నెలలోనూ తడి తగులుతుంది. మారేడుమిల్లి అడవిలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. మన పెరటికి తెచ్చుకోవలసింది ఈ అమరిక. సిల్వర్ ఓక్ స్థానంలో మనకు కొబ్బరి ఉంది. దాని మొదలుకు మిరియం గాని తమలపాకు తీగ గాని, నడుమెత్తులో కోకో లేదా అరటి, నేల మీద పసుపు, అల్లం, కంద. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో కోకో బాగా పండుతోంది కాబట్టి ఇది కొత్త ప్రయోగమేమీ కాదు.

కొండ మొక్కల్ని మాత్రం పీకి తేవొద్దు. అడవి నుంచి మొక్క తీయడం నేరం. పైగా ఆ చల్లదనానికి అలవాటుపడ్డది మన ఉక్కపోతలో నిలవదు. తెచ్చుకోవడానికి వేరే చాలా ఉన్నాయి: గిరిజన సహకార సంస్థ దుకాణంలో తేనె, చింతపండు, కుంకుళ్లు, శీకాయ, సంత రోజైతే అడ్డాకుల విస్తర్లు. బేరం గట్టిగా ఆడకండి, అవి ఎంతో దూరం నడిచి ఏరుకొచ్చిన సరుకులు.

కడియంలో ఆగండి, కొనకండి

మారేడుమిల్లి నుంచి రావులపాలెం వైపు తిరిగొచ్చేవాళ్లకు కడియం, కడియపులంక నర్సరీలు దారిలోనే. తప్పకుండా ఆగండి. పేర్లు, ధరలు రాసుకుని, ఫోటోలు తీసుకుని వచ్చేయండి. మే ఎండలో మూసిన కారులో రెండు గంటలున్న మొక్క ఇంటికొచ్చేసరికే వాడిపోతుంది, పెరట్లో ఇంకా వాన లేదు.

జూన్‌లో కొనడానికి వెళ్లినప్పుడు ఆకు తిప్పి అడుగున చూడండి. తెల్లటి చుక్కలు వలయాలుగా ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ. కొబ్బరిచెట్లున్న ఇంటికి దాన్ని తెచ్చుకోవడమంత నష్టం లేదు. దాని తేనె బంకకు కింది ఆకులన్నీ నల్లగా మసిబారతాయి. ఇప్పటికే ఉంటే నీళ్లు గట్టిగా చిమ్మి కడగడం, వేపనూనె పిచికారీ చేయడం మంచిది. ఘాటైన పురుగుమందులు కొడితే దాన్ని తినే మిత్రపురుగులు ముందు చస్తాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగితే సలహా ఇస్తారు. ఇంకో గుర్తు: కవరు అడుగు చీల్చుకుని లావు వేరు బయటికొచ్చి ఉంటే ఆ మొక్క కవర్లో చాలాకాలం ఉన్నట్టు, వదిలేయండి. పూలు ఎక్కువున్నదానికన్నా కొత్త చిగురున్నదాన్ని తీసుకోండి.

మృగశిర వచ్చాక

జూన్ రెండో వారం దాకా ఆగండి. ఒక మంచి వాన పడి గట్టు తడిసి, మళ్లీ పదునుకు రావాలి. తెచ్చిన మొక్కల్ని వారం పది రోజులు మీ ఇంటి నీడలో ఉంచండి. నర్సరీలో పచ్చ వల కింద పెరిగినవి ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకు కాలిపోతుంది. సాయంత్రం పూట కవరు చింపి, చుట్టూ ఉన్న ఎర్రమట్టి ముద్దను వేళ్లతో కొంచెం వదులు చేసి నాటండి. అలాగే పెడితే మన నల్లమట్టిలోకి వేరు దిగకుండా ఆ ముద్దలోనే చుట్టుకుంటుంది.

ముందు పెద్ద చెట్లు, తర్వాత అరటి, కోకో, చివర తీగలు. పసుపు, అల్లం కొమ్ములు మొదటి వానలకే వేసేయొచ్చు. ఒకేసారి పెరడంతా నింపకండి. జులై, ఆగస్టు వానల్లో రోజూ ఒకసారి గొడుగేసుకుని బోదె వెంట నడవండి. వాన ఆగిన పూటకు కూడా నీరు ఎక్కడైనా నిలిచి ఉంటే అక్కడ పార పెట్టి చిన్న దారి తీయండి. ఆ మూలలో ఈ ఏడు ఏమీ నాటకుండా వదిలేయడమే మంచిది. అక్టోబరు రాకముందు గెలలున్న అరటికి వెదురు గడలతో పోటు పెట్టండి, కొబ్బరి ఎండు మట్టలు మరోసారి దింపించండి, కొత్త మొక్కలకు మెత్తటి గుడ్డపీలికలతో ఊతకర్ర కట్టండి.